సుద్ద గుర్తు పడ్డాకే ఆట

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైన్లో మంచివాళ్లకు కొదవ లేదు. కాబట్టి మొగిలి మంచివాడని చెప్పడానికి నేనీ కథ ఎత్తుకోలేదు. నిజం చెప్పాలంటే అతనితో వేగడం కష్టం. బజారుకు తోడు తీసుకెళితే కుండల దుకాణం ముందే పొద్దుగూకేది. ఒక్కో కుండనూ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ కొట్టి, అన్నీ అయ్యాక మొదట చూసిన కుండే కొనేవాడు. బామ్మర్ది పెళ్లికి పోయి పందిరి గుంజలు కొట్టి చూస్తుంటే ఆడపెళ్లివాళ్లు చిన్నబుచ్చుకున్నారు. ఎవరింటికి వెళ్లినా మంచం పట్టెను నాలుగుసార్లు టకటకలాడించందే కూర్చునేవాడు కాదు.

"ఈయన పుట్టుడే గట్ల పుట్టిండు. నన్ను జూడ అచ్చిన నాడు మా నాయిన ఏసిన మంచం గొట్టి జూసినంకనే కూసున్నడు" అని అతని భార్య సారక్క నలుగురిలోనూ నవ్వేది. మొగిలి మాత్రం నవ్వేవాడు కాదు. మంచం మంచిదో కాదో తెలుసుకుని కూర్చోవడంలో నవ్వడానికి ఏముందో అతనికి ఎన్నటికీ అర్థం కాలేదు.

అతని ఊరు మంథని దిక్కు. వరుసగా వానలు మొహం చాటేసిన కాలంలో, ఇక్కడ బొగ్గుబాయిలు పడుతున్నాయని విని, అరవైల మొదట్లో మూట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. తట్ట, చెమ్మస్ చేతికిచ్చారు. చెమ్మస్ అంటే బొగ్గు ఎత్తే వెడల్పాటి పార. ఏళ్లపాటు బొగ్గెత్తి, రాత్రిబడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, పరీక్ష రాసి సర్దార్ అయ్యాడు. ఆ సర్దార్ పని ఏమిటో చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు.

బాయిలో షిఫ్టు మొదలయ్యే ముందు సర్దార్ ఒక్కడే లోపలికి పోతాడు. చేతికర్రతో పైకప్పును కొట్టుకుంటూ నడుస్తాడు. గట్టి చప్పుడు వస్తే రాయి పట్టుగా ఉన్నట్టు. డొల్ల చప్పుడు వస్తే ఎవరూ పోకుండా ఆ చోటికి అడ్డకట్టె వేస్తాడు. అంతా బాగుందని మనసుకు తోచాక పక్క గోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి తన పేరు గుర్తు పెడతాడు. ఆ గుర్తు చూసిన తరువాతే మిగతావాళ్లు అక్కడ అడుగుపెడతారు. ఏదన్నా జరిగితే మొదట పిలిచి అడిగేది గోడ మీద పేరున్నవాణ్నే. మొగిలి పేరు ఉన్నచోట పనిచేయడమంటే బొగ్గెత్తి తొట్లు నింపే మా ఫిల్లర్లకు ఇంట్లో ఉన్నంత ధీమా. అందుకే అతని చాదస్తాన్ని నవ్వుకుంటూ భరించాం.

డెబ్బైల మొదట్లో, మా చివరి లైను వెనక పెద్ద ఖాళీ జాగా ఉండేది. ఎప్పుడో క్వార్టర్లు కడదామని కంపెనీ తీసుకున్న జాగా అది. తుమ్మచెట్లు, గడ్డి, మేకలు తప్ప అక్కడేమీ లేవు. పొద్దుటి షిఫ్టు చేసి పైకి వచ్చినవాళ్లకు సాయంత్రం పోవడానికి రెండే చోట్లు. ఒకటి ఇల్లు, రెండోది సారా దుకాణం. ఇంటికి పోయినవాళ్లు తక్కువ. ఒకరోజు మొగిలి ఆ ఖాళీ జాగాలో నిలబడి అన్న మాట నాకిప్పటికీ గుర్తు.

"పొద్దంత నెత్తి మీద కప్పే. పైకచ్చి మల్ల రేకుల కిందనో, దుకాణం చూరు కిందనో కూసుంటే బతికి అచ్చినట్టు ఎట్ల తెలుస్తది? కొంతసేపన్న మొగులు కింద ఉండాలె."

మాటతో ఆగలేదు. బాయి కప్పుకు ఊతాలు పెట్టే టింబర్ పని చేసే సదయ్యను పట్టుకుని పాత దుంగలు రెండు పాతించాడు. గోదావరి ఒడ్డున చేపలు పట్టేవాళ్ల దగ్గర చిరిగిన వల తెచ్చి, సారక్కతో కుట్టించి, వాలీబాల్ నెట్ అన్నాడు. చిత్రమేమిటంటే అతనికి ఆట రాదు. బంతి తన దిక్కు వస్తే చేతులు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. కానీ సాయంత్రమయ్యేసరికి గట్టు మీద బండరాయిపై కూర్చుని, మేము ఎగిరి దుంకుతుంటే కళ్లార్పకుండా చూసేవాడు. మాలో మొనగాడు నర్సింగం. బక్కపలచటి ఫిల్లర్, గాలిలోకి లేచాడంటే అవతలివాళ్లు ముందే తలలు వంచుకునేవారు. నర్సింగం కొట్టిన ప్రతిసారీ మొగిలి తనే కొట్టినట్టు పొంగిపోయేవాడు. సారా దుకాణంవాడు మా మీద పళ్లు నూరడం మొదలుపెట్టాడంటే మైదానం ఎంత బాగా నడిచిందో అర్థం చేసుకోండి.

ఇప్పుడు మొగిలి చేసిన తప్పు చెప్పాలి. మైదానం మొదలైన నాడు అతను దుంగలు కొట్టి చూశాడు. తాళ్లు లాగి చూశాడు. పైన కరెంటు తీగలేమన్నా పోతున్నాయా అని చుట్టూ తిరిగి చూశాడు. తుమ్మకొమ్మ ఒకటి వాలి ఉంటే నరికించాడు. ఇంత చూసినవాడు కాళ్ల కింది నేలను మాత్రం చూడలేదు. బాయిలో ప్రాణాల మీదికి వచ్చేది ఎప్పుడూ పైనుంచే కదా, ఏళ్ల తరబడి పైకి చూసి చూసి అతనికి కింద అనేది ఒకటుందన్న సంగతే తట్టలేదు. అతనికే కాదు, మాకెవరికీ తట్టలేదు. సేద్యం చేసుకునేవాణ్ని ఎవణ్ని తెచ్చి నిలబెట్టినా మొదట నేలనే చూసేవాడు.

ఆ జాగాలో ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తీశారు. ఆ గుంతలు అలాగే మిగిలాయి. వానకాలం వచ్చి గడ్డి మోకాలెత్తు పెరిగి వాటిని కప్పేసింది. ఒక సాయంత్రం బంతి వెనక్కి లేచింది. నర్సింగం దాన్నే చూస్తూ వెనక్కి పరుగెత్తాడు. మేమంతా కూడా బంతినే చూస్తున్నాం. కాలు గుంతలో పడి ఎముక విరిగిన చప్పుడు గట్టు మీదున్న మొగిలికి కూడా వినిపించింది. మాకంటే ముందు గుంత దగ్గరికి చేరింది అతనే.

మంచం మీద వేసుకుని దవాఖానకు తీసుకుపోయాం. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయన్నారు. కట్టు వేస్తుంటే నర్సింగం పళ్లు బిగపట్టుకున్నాడు కానీ అరవలేదు. వరండాలోకి వచ్చాక సదయ్య, మొగిలి చెవిలో అన్నాడు. కానీ సదయ్య గుసగుస వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"అన్నా, నువ్వే షిఫ్టు సర్దార్‌వి. బాయిల బండ వడి ఇరిగిందని రెండు ముక్కలు రాయి. నర్సింగానికి జీతం ఆగది, మన జాగ మీదికి ఎవడు రాడు. అందరం బాగుంటం."

మాకందరికీ అది బంగారంలాంటి ఉపాయంగా తోచింది. మొగిలి తల అడ్డంగా ఊపాడు.

"రాయ."

"ఏందన్నా, ఒక్క సంతకానికి?"

"ఆడు బాయిల వడలే, నేను షురూ జేసిన ఆటల వడ్డడు. ఇయ్యాల నా గుర్తు అబద్ధమైతే, రేపు గోడ మీద నా గుర్తు జూసి ఎవలు లోపటికస్తరు?"

మొగిలి అక్కడినుంచే సంక్షేమ అధికారి మత్తయిగారింటికి పోయి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. తెల్లారేసరికి ఖాళీ జాగా చుట్టూ తుమ్మకంప లేచింది. 'కంపెనీ స్థలం, లోపలికి రారాదు' అని బోర్డు పాతారు.

మా లైన్లో మొగిలి పరువు ఒక్కపూటలో పాతాళానికి దిగింది. నర్సింగం ఇంట్లో పొయ్యి ఆరకుండా సారక్క పూట పూటకూ గిన్నె పట్టుకుని పోయేది, మిగతా ఇళ్లవాళ్లూ చేతనైనంత పంపారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎక్కడ చూసినా 'నిజాయితీ గల మొగిలి మైదానాన్ని మింగిండు' అన్న మాటే. నాకూ ఒళ్లు మండింది. సత్యం చెప్పాలంటే ఇంకో రోజు చెప్పొచ్చుగా అనిపించింది. సారా దుకాణంవాడు మాత్రం కొత్త బల్లలు వేయించాడు.

దుకాణం గిట్టనివాళ్లు వలను పీకి తెచ్చి, బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన కట్టారు. పక్కన అన్నానే గానీ కోర్టు సగం రోడ్డు మీదే. ఒక సాయంత్రం లారీ ఒకటి మూలమలుపు తిరిగి మా మీదికి వచ్చింది. డ్రైవర్ పక్కకు తిప్పేశాడు గనుక బతికాం. వల మాత్రం లారీ బంపర్‌కు చిక్కుకుని చాలాదూరం పోయింది. డ్రైవర్ దిగివచ్చి మా తాతలందర్నీ తలుచుకుని, నేరుగా మత్తయిగారి దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాడు.

మత్తయిగారు మరునాడే వచ్చారు. సన్నగా, కోపం లేని మనిషి. ఆదివారం చర్చికి పోయేటప్పుడు వేసుకునే తెల్లచొక్కాయే మిగతా రోజులూ వేసుకునేవారు. కంప దగ్గర నిలబడి మమ్మల్ని పిలిపించారు. నర్సింగం క్వార్టర్ ఆ చివరి లైన్లోనే కాబట్టి, కట్టుకాలు చాపుకుని గడప ముందు మంచం మీద కూర్చుని అంతా వింటున్నాడు.

"నేను మీ ఆటకు శత్రువును కాను" అన్నారాయన. "ఇదివరకు నేను పనిచేసిన చోట ఇలాగే ఖాళీ జాగాలో ఆడుకోనిచ్చారు. పాత గోడ కూలి ఒకతను పోయాడు. ఆడుకోండి అని నోటిమాటగా అన్న పాపానికి మా పెద్దాయన రిటైరయ్యేదాకా కోర్టుకు తిరిగాడు. ఆయన అవస్థ నేను కళ్లారా చూశాను. మేము ఆడుకోమంటే మిమ్మల్ని పిలిచినట్టు. పిలిచాక దెబ్బ తగిలితే జవాబు మాది. కంప వేశాక దూరి వచ్చి పడితే అది మీ ఇష్టం."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే మాకు మింగుడుపడలేదు. మొగిలి కంప దగ్గరికి నడిచాడు. దాంట్లో ఒకచోట మనిషి దూరేటంత సందు ఉంది. అప్పటికే ఎవరో చేశారు.

"సారూ, ఈ సందు సూడుండ్రి. రేపు గీ సందులకెల్లే దూరుతరు. మసక చీకట్ల, ఎవలు జూడని నేల మీద ఆడుతరు. లేకుంటే రోడ్డు మీద ఆడుతరు. కంప ఏసినంత మాత్రాన దెబ్బలు ఆగయి, మీ కండ్లకు కనవడయి, అంతే."

"అయితే ఏం చేయమంటావు?"

"బాయిల జేసినట్టే చేద్దాం. గుంతలు మేమే పూడుస్తం. రోజు ఆటకు ముందు నేను తిరిగి, నేల గొట్టి చూస్త. బాగుంటే గా బండ మీద సుద్దతోని తేదీ ఏసి గుర్తు పెడ్త. గుర్తు లేని నాడు ఆట లేదు. ఎవలికన్న ఏమన్నయితే నన్ను పిలిచి అడుగుండ్రి. జిమ్మేదారి నాది."

మత్తయిగారు ఆ సందు వైపు ఒకసారి చూశారు. "మొగిలీ, నర్సింగం పడ్డ మైదానం కూడా మొదట నువ్వు చూసిందే కదా" అన్నారు మెల్లగా.

ఆ మాట ఎవరన్నా అంటారని మేమంతా భయపడుతూనే ఉన్నాం. మొగిలి తలదించుకోలేదు.

"అవును సార్. మీదికి చూసిన, కిందికి చూడలే. ఇగ బతికినన్నాళ్లు చూస్త."

మత్తయిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నీకు రెండో షిఫ్టు పడి సాయంత్రం బాయిలో ఉండే వారం ఎవరు చూస్తారు?"

మొగిలి సదయ్య వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఇంకొకడు చూసిన చోటును తను మళ్లీ కొట్టి చూసుకునే మనిషి, ఇంకొకడి పేరు ఎలా చెబుతాడు? సదయ్య నేల చూశాడు, నేను ఆకాశం చూశాను. అప్పుడు గడప ముందునుంచి గొంతు వచ్చింది.

"నేను జూస్త."

అందరం తిరిగాం. నర్సింగం మంచం మీదినుంచి చెయ్యి ఎత్తి ఉన్నాడు.

"గుంత అంటే ఏందో నాకన్న ఎక్కువ ఎవలికి తెల్వది సారూ. మొగిలన్న దగ్గర నేర్చుకుంట. కట్టెల మీద నడిచినా సరే, చూడకుండ గుర్తు వెట్ట."

మొగిలి ముఖం చూడాల్సింది. నర్సింగం తనను తిట్టుకుంటున్నాడనే అతను అన్నాళ్లూ అనుకున్నాడు. తువ్వాలతో కళ్లు ఒత్తుకుని, దుమ్ము పడ్డదన్నాడు. వాన పడి తడిసిన నేల మీద దుమ్మేమిటని ఎవరూ అడగలేదు.

మత్తయిగారు మేనేజరుతో మాట్లాడి, కొన్నాళ్లు చూద్దామని ఒప్పించారు. తనవంతుగా ఒక్క షరతు పెట్టారు. ఆ రోజు గుర్తు పెట్టినవాడు ఆడకూడదు, గట్టు మీద ఉండి కనిపెట్టుకోవాలి. మొగిలికి ఎలాగూ ఆట రాదు కాబట్టి సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం మా లైన్ల సంబరం చూడాలి. కంపను మేమే పెరికి కుప్ప వేశాం. కొడవళ్లు ఉన్నవాళ్లు గడ్డి కోశారు. ప్రతి ఇంటినుంచీ తట్ట, చెమ్మస్ బయటికి వచ్చాయి. బాయిలో బొగ్గు తీసేసిన ఖాళీలను ఇసుకతో నింపడం మాకు తెలిసిన పనే కదా, ఈ గుంతలు మాకొక లెక్కా? సారక్క, లారీ ఈడ్చుకుపోయిన వలను తెప్పించి మళ్లీ కుట్టి, ముందు నిలబడి ఆడవాళ్లతో తట్టలు అందించింది. నర్సింగం పడ్డ గుంతలో మొదటి తట్ట మొగిలి పోశాడు. పోసి, తొక్కి, మళ్లీ పోసి, కర్రతో కొట్టి, చెవి వంచి విన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికి మైదానం అలికిన వాకిలిలా అయింది. పాత బోర్డు తీసి మత్తయిగారు కొత్తది పెట్టించారు. 'పరీక్షించి గుర్తు పెట్టిన తరువాతే ఆట' అని దాని మీద ఉంది.

ఆ తరువాత మొగిలి మాకు చుక్కలు చూపించాడు. మేము బంతి పట్టుకుని కాళ్లు దులుపుతూ నిలబడితే, అతను మైదానమంతా అడ్డంగా నిలువుగా కర్రతో కొట్టుకుంటూ తిరిగేవాడు. గాజుపెంకు ఒకటి దొరికితే దాన్ని అందరికీ చూపించి, దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించి, అప్పుడు పారేసేవాడు. ఒకనాడు మేనేజరుగారే సరదాపడి బూట్లు వేసుకుని వచ్చారు. గీత దాటబోతుంటే మొగిలి కర్ర అడ్డం పెట్టాడు.

"సుద్ద పడలే సార్."

మేనేజరు బండ వైపు చూశారు, కర్ర వైపు చూశారు, గట్టెక్కి మాతోపాటు నిలబడ్డారు. బాయిలోనైతే నేనూ ఆగుతాను కదా అన్నారు. ఆ రోజునుంచి మైదానం జోలికి మళ్లీ ఎవరూ రాలేదు. సారా దుకాణంవాడు కొత్త బల్లలు ఎవరికో అమ్ముకున్నాడని విన్నాం.

మొగిలికి రెండో షిఫ్టు ఉన్నప్పుడు నర్సింగం చూసేవాడు. మొదట చంకకర్రలతో, తరువాత చేతికర్రతో. గుర్తు కూడా పెట్టేవాడు. అయినా మొగిలి షిఫ్టు దిగి ఇంటికి పోతూ, ఆట ఎప్పుడో అయిపోయిన మైదానాన్ని ఒకసారి కొట్టి చూసుకునేవాడని సారక్క చెప్పింది. నర్సింగానికీ ఆ సంగతి తెలుసు. అతను ఏమీ అనుకోలేదు, సమయం కోసం చూశాడు.

మరుసటి ఎండకాలం బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ జట్టు మాతో ఆడటానికి వచ్చింది. గట్లన్నీ జనంతో నిండిపోయాయి. సరిగ్గా ఆరోజు మా ఆటగాడొకడికి డ్యూటీ పడింది. ఒక మనిషి తక్కువ. నర్సింగం నడుస్తున్నాడు గానీ ఎగరడానికి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. మొగిలి ఎప్పటిలాగే కర్ర, సుద్దముక్క పట్టుకుని వచ్చి బండ దగ్గర ఆగిపోయాడు. దాని మీద అప్పటికే ఆనాటి తేదీ ఉంది. కింద నర్సింగం గుర్తు ఉంది.

"నువ్వెందుకు వెట్టినవ్? ఇయ్యాల నా వంతు" అన్నాడు.

"గుర్తు వెట్టినోడు ఆడద్దు గదన్నా. నేను వెట్టిన. నువ్వు దిగు."

"నాకు ఆట రాదురా."

"ఒక మనిషి తక్కువున్నడు. దిగు."

మొగిలి చేతిలోని కర్ర అలవాటుగా గీత అవతలి నేల వైపు లేచింది. నర్సింగం ఆ కర్రను పట్టుకున్నాడు.

"నేను వడ్డ జాగనుంచే షురూ జేసిన. జానెడు జాగ ఇడువలే. నీ గుర్తు జూసి నేను ఇన్నేండ్లు బాయిల నడిచిన. ఒక్కనాడన్న ఇది నిజమేనా అని అడిగిననా?"

సారక్క చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. మొగిలి కర్రను చూశాడు, బండ మీది గుర్తును చూశాడు. తరువాత కర్ర వదిలేశాడు. చెప్పులు విడిచి, నర్సింగం పడ్డాక మొదటిసారి తను కొట్టి చూడని నేల మీదికి అడుగుపెట్టాడు.

ఆట సంగతి చెబితే, అతను దారుణంగా ఆడాడు. సర్వీసు వలకు తగిలింది. ఒక బంతి సదయ్య వీపున కొట్టాడు. బసంత్‌నగర్‌వాళ్లు మెత్తటి చోటు దొరికిందని బంతులన్నీ అతని మీదికే పంపడం మొదలుపెట్టారు. ఇరుజట్లూ సమానంగా వచ్చాయి. ఆఖరున వాళ్ల మొనగాడు బంతిని ఎత్తుగా, మొగిలి నెత్తి మీదికే లేపాడు. అక్కడే వాళ్లు పప్పులో కాలేశారు. ఇన్నేళ్లుగా పైనుంచి ఏం పడుతుందా అని చూస్తూ బతికిన మనిషి అతను. తల ఎత్తాడు, కాళ్ల కింద నేల ఉందో లేదో చూడకుండా రెండడుగులు వెనక్కి వేశాడు, సరిగ్గా నర్సింగం పడ్డ చోట నిలబడి రెండు చేతులతో బంతిని పైకి నెట్టాడు. అది వల మీదుగా పోయి అవతల ఖాళీలో పడింది.

ఆ తరువాత ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో తెలియదు. నర్సింగం డాక్టరు మాట మరిచి కుంటుకుంటూ పరుగెత్తాడు. మత్తయిగారి తెల్లచొక్కా మీద మా చేతుల మట్టంతా అంటింది. సారక్క ఈల వేసింది, ఆమెకు ఈల వచ్చని ఆరోజే తెలిసింది.

జనం గట్టు దిగుతున్నా మొగిలి ఇంటికి రాలేదు. మైదానం మధ్యలో చెప్పులు లేకుండా నిలబడి తల పైకెత్తి చూస్తున్నాడు. పైన కప్పు లేదు. కొట్టి చూడాల్సింది ఏమీ లేదు.